మ్యాక్స్30102 ఆక్సిమీటర్: ఒక బోర్డు 98, ఇంకో బోర్డు 61, మధ్యలో ఊరికే 86. కాలిబ్రేషన్ ఎలా?

ఈసీఈ_ఫైనలియర్:

అందరికీ నమస్కారం. ఫైనలియర్ ప్రాజెక్టుకి పల్స్ ఆక్సిమీటర్ (వేలి మీద కాంతి వేసి రక్తంలో ఆక్సిజన్ శాతం, పల్స్ కొలిచేది) చేస్తున్నాం. ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్), మ్యాక్స్30102 సెన్సర్ బోర్డులు రెండు, చిన్న ఓలెడ్ డిస్‌ప్లే. 5 సెకన్లకోసారి రీడింగ్ వైఫై మీద సర్వర్‌కి వెళ్తుంది. ఇబ్బందులు ఇవీ:

సెన్సర్ ఒక్కోసారి ఐ2సీ (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) స్కాన్‌లో కనబడుతుంది, ఒక్కోసారి కనబడదు. వైర్లు మార్చినా అంతే.

వేవ్‌ఫారం ఇంకా వివరంగా కావాలని చిప్‌లో శాంపిల్ సగటు 4 నుంచి 2కి తగ్గించాం. అప్పటినుంచి పల్స్ సరిగ్గా సగం చూపిస్తోంది. మెడికల్ షాపులో కొన్న వేలి క్లిప్ ఆక్సిమీటర్‌లో 72 ఉంటే మాదాంట్లో 36.

ఎస్‌పీఓ2కి (రక్తంలో ఆక్సిజన్ శాతం) లైబ్రరీ ఫార్ములా తీసేసి 110 − 25 × ఆర్ పెట్టాం (ఆర్ అంటే ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ అలల నిష్పత్తి). క్లిప్‌తో సరిపోవాలని 110ని 111 చేశాం. మొదటి బోర్డు 98 చూపిస్తుంది కానీ వేలు కదపకపోయినా మధ్యలో 86కి పడిపోయి మళ్లీ లేస్తుంది. రెండో బోర్డు అదే ప్రోగ్రాంతో ఎప్పుడూ 61 దగ్గరే ఉంటుంది.

గైడ్ గారు యాక్యురసీ టేబుల్ అడుగుతున్నారు. ఊపిరి బిగబట్టి ఆక్సిజన్ తగ్గించి గ్రాఫ్ గీస్తే కాలిబ్రేషన్ అవుతుందా? లేక ఆసుపత్రికి వెళ్లి పేషెంట్ల మీద క్లిప్‌తో పోల్చాలా? తెలిసిన అన్నలు, డాక్టర్లు చెప్పండి.

సర్క్యూట్_బల్ల:

తమ్ముడూ, లక్షణాలన్నీ ఒకే పోస్టులో రాయడం మంచిదైంది. వీటిలో చాలావరకు వైద్యంతో సంబంధం లేనివే. బోర్డు దగ్గర మొదలుపెడదాం.

స్కాన్‌లో కనబడి మాయమవడం: మ్యాక్స్30102 చిప్ లోపల 1.8 వోల్టుల మీద పనిచేస్తుంది. చౌక బోర్డుల్లో చాలావాటికి ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అనే ఐ2సీ తీగల పుల్‌అప్ రెసిస్టర్లు (తీగని ‘హై’లో నిలిపేవి) ఆ 1.8కే కట్టి ఉంటాయి. ఈఎస్‌పీ32 ఒక పిన్నును ‘హై’ అని నమ్మకంగా గుర్తించాలంటే సప్లయ్‌లో 0.75 వంతు, అంటే 3.3 మీద సుమారు 2.5 వోల్టులు కావాలి. 1.8 దగ్గర అది పనిచేయడం, చేయకపోవడం అదృష్టం మీదే ఉంటుంది. మల్టీమీటర్‌తో చూడండి: ప్రోగ్రాం ఏమీ నడవనప్పుడు ఎస్‌డీఏకీ గ్రౌండ్‌కీ మధ్య 1.8 వస్తే సంగతి తేలినట్టే. కొన్ని బోర్డుల వెనక 1.8, 3.3 అని మూడు సోల్డర్ ప్యాడ్‌లు ఉంటాయి, 1.8 వైపు అతుకు తీసి 3.3 వైపు కలపాలి. ప్యాడ్‌లు లేకపోతే బోర్డు మీది పుల్‌అప్‌లు పీకేసి, బయట 4.7 కిలోఓమ్‌లవి రెండు 3.3కి కట్టండి. చిప్ ఐ2సీ పిన్నులు 3.3ని హాయిగా తట్టుకుంటాయి. ఇంటరప్ట్ పిన్ను వాడుతుంటే దానికీ ఇదే వైద్యం.

పల్స్ సగం రావడం: చిప్ సెకనుకి 100 శాంపిల్స్ తీసి నాలుగేసి సగటు కడితే మీకు అందేవి 25. లైబ్రరీ కోడ్ ఆ 25నే నమ్ముకుని రాసింది. సగటు 2 చేయగానే మీకు 50 వస్తున్నాయి, లెక్క మాత్రం ఇంకా 25తోనే జరుగుతోంది. అందుకే 72 కాస్తా 36 అయింది. ఒక నిమిషంలో నిజంగా ఎన్ని శాంపిల్స్ వచ్చాయో ఈఎస్‌పీ32 గడియారంతో లెక్కపెట్టి, ఆ సంఖ్యనే కోడ్‌లో వాడండి. సెన్సర్ లోపలి ఆసిలేటర్ క్రిస్టల్ అంత కచ్చితంగా ఉండదు.

రెండో బోర్డు 61: మీ ఫార్ములాలో 61 రావాలంటే ఆర్ విలువ 2 అవ్వాలి. 2ని తిరగేస్తే 0.5. ఆర్ 0.5 అయితే మీ ఫార్ములా ఇచ్చేది 98.5. అంటే ఆ బోర్డులో ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ తారుమారయ్యాయి. ఇలాంటి బోర్డులు బజార్లో ఉన్నాయి. నిర్ధారణ తేలిక: రిజిస్టర్ (చిప్‌లో సెట్టింగు రాసే గడి) హెక్స్ 0సీలో హెక్స్ 24 రాసి, 0డీలో సున్నా రాయండి. చిప్ ప్రకారం 0సీ ఎరుపు ఎల్‌ఈడీది. కంటికి ఎర్రగా వెలిగితే సరే. చీకటిగా ఉండి, ఫోన్ కెమెరాలో మాత్రం లేత ఊదారంగు చుక్క కనిపిస్తే తారుమారే. చాలా ఫోన్ల ముందు కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ కనిపిస్తుంది, వెనక కెమెరాకి ఫిల్టర్ గట్టిగా ఉంటుంది. బోర్డుని బట్టి కోడ్‌లో రెండు చానళ్లూ మార్చుకోండి.

మధ్యలో 86: వైఫై మీద నాకు అనుమానం. చిప్ ఫిఫోలో (చదివేదాకా శాంపిల్స్ ఆగే వరస) 32 శాంపిల్స్ మాత్రమే పడతాయి. మీరిప్పుడు సెకనుకి 50 తీస్తున్నారు కాబట్టి 0.64 సెకన్లలో నిండిపోతుంది. సర్వర్‌కి పంపే పని ఒక సెకను పట్టిందంటే మధ్యలో శాంపిల్స్ పోయినట్టే, వేవ్‌ఫారంలో అతుకు పడుతుంది. ఓవర్‌ఫ్లో లెక్క రిజిస్టర్ 05లో ఉంటుంది. ప్రతిసారీ ఫిఫో చదవబోయే ముందు దాన్ని చూసి సున్నా కాకపోతే సీరియల్‌లో ప్రింట్ చేయండి. 86 వచ్చిన క్షణాలూ అవీ కలుస్తాయో లేదో తెలుస్తుంది. కలిస్తే, ఈఎస్‌పీ32లో రెండు కోర్‌లు ఉన్నాయి కదా, సెన్సర్ చదివే టాస్క్ ఒకదానికి, వైఫై ఇంకోదానికి ఇచ్చి మధ్యలో క్యూ పెట్టండి. ఓలెడ్‌ని ఇందులోకి లాగకండి. పూర్తి తెర ఒకసారి నింపడానికి 1024 బైట్లు, ఐ2సీ 400 కిలోహెర్ట్జ్ మీద సుమారు 25 మిల్లీసెకన్లు. అది సమస్య కాదు.

ఇప్పుడు అసలు సెట్టింగులు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చౌక ఎల్‌ఈడీ బల్బు వెలుగు సెకనుకి 100 సార్లు మినుకుతుంది. మీరు సెకనుకి 100 శాంపిల్స్ తీస్తున్నారు. సెన్సర్ గడియారం ఒక్క శాతం తేడాగా ఉందనుకోండి, ఆ మినుకు 1 హెర్ట్జ్ అలగా దిగుతుంది. అంటే నిమిషానికి 60, అచ్చం పల్స్‌లాగే. చిప్‌లో బయటి వెలుతురుని తీసేసే ఏర్పాటు ఉంది గానీ బల్బు కిందే పెడితే కొంత మిగులుతుంది. అందుకే శాంపిల్ రేటు 400, సగటు 16 పెట్టండి. బయటికి వచ్చేవి మళ్లీ 25 శాంపిల్సే, కానీ ఒక్కో సగటు 40 మిల్లీసెకన్ల మీద జరుగుతుంది, ఆ వ్యవధిలో 100 హెర్ట్జ్ మినుకులు సరిగ్గా నాలుగు పడి కొట్టుకుపోతాయి. రిజిస్టర్ 08లో హెక్స్ 9ఎఫ్, 09లో 03, 0ఏలో 2ఎఫ్. ఆ 2ఎఫ్‌లో ఏడీసీ రేంజ్ 4096 నానోఆంపియర్లు, రేటు 400, పల్స్ వెడల్పు 411 మైక్రోసెకన్లు, అంటే 18 బిట్ల రిజల్యూషన్, అన్నీ ఇమిడి ఉన్నాయి.

ఎల్‌ఈడీ కరెంటు ఒక్కో అంకెకి 0.2 మిల్లీఆంపియర్. హెక్స్ 24 అంటే 7.2. వేలు పెట్టాక రెండు చానళ్ల డీసీ (సిగ్నల్‌లో కదలని భాగం) విలువ 1,30,000 నుంచి 1,80,000 మధ్య ఉండేలా ఒక్కోదాన్నీ విడిగా సర్దండి. పైకప్పు 2,62,143. అక్కడికి తగిలితే అల నెత్తి కోసుకుపోతుంది. ఇదే కోడ్‌ని ఎప్పుడైనా ఆర్డుయినో ఊనోలో నడిపితే ఇంకో తలనొప్పి ఉంది. మెమరీ చాలక ఆ లైబ్రరీ ఉదాహరణ శాంపిల్‌ని 16 బిట్లకి కోసేస్తుంది. డీసీ 65,535 దాటగానే విలువ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అల రంపం పళ్లలా అయిపోతుంది.

వేలు అదిమి పెట్టొద్దు. గట్టిగా నొక్కితే చర్మం కింది రక్తం పక్కకి పోయి, కొట్టుకునే భాగమే మాయమవుతుంది. నల్ల ఫోమ్‌లో గాడి తీసి, వెల్క్రోతో వదులుగా బిగిస్తే వెలుతురూ రాదు, ఒత్తిడీ ఒకేలా ఉంటుంది.

తరంగం:

బోర్డు సంగతి పైన బాగా చెప్పారు. నేను ఆర్ లెక్క గురించి చెప్తాను, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు చెడేది అక్కడే.

ఆర్ అంటే ఎరుపులో ఏసీ (పల్స్‌తో కొట్టుకునే అల) బై డీసీ, దాన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో ఏసీ బై డీసీతో భాగించగా వచ్చింది. ఒక ఉదాహరణ. ఇన్‌ఫ్రారెడ్ డీసీ 1,50,000, ఏసీ 1800. ఎరుపు డీసీ 1,20,000, ఏసీ 720. మొదటిది 1.2 శాతం, రెండోది 0.6 శాతం, ఆర్ 0.5. మీ దగ్గరున్నది లక్షలో కొన్ని వందల కౌంట్లు కొలిచే పని అని ఈ అంకెలు చూస్తేనే అర్థమవుతుంది.

ఏసీని గరిష్ఠం మైనస్ కనిష్ఠంగా తీస్తే నాయిస్ ఎప్పుడూ కలుస్తుందే తప్ప తగ్గదు. రెండు చానళ్లలోనూ 100 కౌంట్ల నాయిస్ ఉందనుకోండి. పై ఉదాహరణలో ఏసీలు 820, 1900 అవుతాయి. ఆర్ 0.54. 110 − 25 × ఆర్ లెక్కన 97.5 ఉండాల్సింది 96.5 అయింది, పెద్ద నష్టం లేదు. అదే చల్లబడ్డ వేలు అయితే ఏసీలు 120, 300 మాత్రమే ఉంటాయి. నిజమైన ఆర్ అప్పుడూ 0.5 కానీ, 100 కలిశాక 0.69 అవుతుంది. ఎస్‌పీఓ2 92.8. మనిషి ఆక్సిజన్‌లో తేడా ఏమీ లేదు, వేలు చల్లగా ఉందంతే.

అందుకని శిఖరాలూ లోయలూ వెతకడం మానేయండి. 4 సెకన్ల విండో తీసుకుని, రెండు చానళ్లనూ ఒకే ఫిల్టర్‌తో (0.5 నుంచి 5 హెర్ట్జ్, రెండో ఆర్డర్ బటర్‌వర్త్ చాలు) వడకట్టి, ఒక్కోదాన్నీ దాని డీసీతో భాగించండి. తర్వాత ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డం అక్షం మీద, ఎరుపుని నిలువు అక్షం మీద పెట్టి సరళరేఖ వేయండి. ఆ రేఖ స్లోపే మీ ఆర్. విండోలోని శాంపిల్స్ నూటికి నూరూ దానికి ఓటేస్తాయి, ఒక్క శిఖరం మీద ఆధారపడదు. కోరిలేషన్ (రెండు అలలూ ఎంత కలిసి కదులుతున్నాయో చెప్పే అంకె) కూడా లెక్కకట్టి 0.9 కంటే తక్కువ వస్తే ఆ విండో పారేయండి. ఇన్‌ఫ్రారెడ్‌లో నాయిస్ ఎక్కువైతే స్లోప్ అసలు కంటే తగ్గి, ఎస్‌పీఓ2 లేనిపోని మంచి అంకెగా కనిపిస్తుంది. ఆ విండోలని ఈ నియమమే ఆపుతుంది.

డీసీని వడకట్టక ముందు సిగ్నల్ నుంచే తీయాలి. హైపాస్ అయ్యాక సగటు తీస్తే సున్నా దగ్గర ఏదో వస్తుంది, దాంతో భాగిస్తే ఆర్ ఎటుపడితే అటు ఎగురుతుంది. ఇంకోటి, వేలు పెట్టిన క్షణంలో సిగ్నల్ సున్నా నుంచి లక్షన్నరకి దూకుతుంది. ఆ దెబ్బకి ఫిల్టర్ కొన్ని సెకన్లు ఊగుతుంది. మొదటి శాంపిల్ విలువని అన్నిటి నుంచీ తీసేసి ఫిల్టర్ మొదలుపెట్టండి, మొదటి 4 సెకన్ల ఫలితం చూపించకండి.

నాయిస్ ఎంతుందో తెలియాలంటే వేలు తీసేసి, సెన్సర్ ఎదురుగా ఒక తెల్ల రబ్బరు ముక్క కదలకుండా అతికించి, అవే డీసీ విలువలు వచ్చేలా కరెంటు సర్ది, ఒక నిమిషం రికార్డు చేయండి. వడకట్టాక మిగిలిన అలే మీ నాయిస్. రిపోర్టులో ఈ అంకె ఉంటే చదివేవాళ్లు మిగతావి నమ్ముతారు. గదిలో లైటు వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి చేయండి. లైటు వేసినప్పుడు రబ్బరుకి పల్స్ కనబడిందంటే అది పైన చెప్పిన బల్బు మినుకే.

మత్తు_డాక్టర్:

కాలిబ్రేషన్ ప్రశ్నకి వస్తాను. సూటిగా చెప్పాలంటే ఊపిరి బిగబట్టడం వద్దు, ఆసుపత్రికి వెళ్లి పేషెంట్ల వేళ్లు పట్టుకోవడమూ వద్దు. ఎందుకో చెప్పాలంటే ఈ పరికరం ఏం కొలుస్తుందో ముందు చూడాలి.

660 నానోమీటర్ల ఎరుపు కాంతిని ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్, ఆక్సిజన్ ఉన్నదానికంటే సుమారు పది రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. 800 నానోమీటర్ల చుట్టుపక్కల రెండూ సమానం, అది దాటితే వరస తిరగబడుతుంది. ఈ రెండు రంగుల మధ్య తేడాలోనే సమాచారం ఉంది. కానీ వేలిలో ఎముక, చర్మం, సిరలు అన్నీ కాంతిని అడ్డుకుంటాయి. వాటిని దాటి ధమని రక్తాన్ని ఒక్కదాన్నే చూసే దారి జపాన్‌లో నిహాన్ కోడెన్ సంస్థలో పనిచేసిన తకువో అవోయాగి చూపించారు. చెవి దగ్గర కాంతితో రంగుద్రవం పలచబడడాన్ని కొలిచి గుండె ఎంత రక్తం పంపుతుందో తెలుసుకోవాలని ఆయన ప్రయత్నం. గుండె కొట్టుకున్నప్పుడల్లా వచ్చే అల ఆ కొలతకి అడ్డుతగిలేది. ఆ అలనే కొలతగా తీసుకోవచ్చని గ్రహించి, 1974లో పద్ధతిని ప్రకటించారు. కొట్టుకునే భాగం ధమనిదే అనే ఆ ఊహ మీదే మీ ఏసీ బై డీసీ మొత్తం నిలబడి ఉంది.

ఇక ఆర్ నుంచి శాతానికి వెళ్లే దారి. పుస్తకంలోని బీర్-లాంబర్ట్ సూత్రంతో అది రాదు, ఎందుకంటే కణజాలంలో కాంతి నేరుగా పోదు, చెదురుతుంది. అందుకని తయారీదారులు మనుషుల మీద కొలిచి వంపు గీస్తారు. ఆరోగ్యవంతులైన వలంటీర్లకి ఆక్సిజన్ తగ్గించిన గాలి పీల్పిస్తూ, సంతృప్తతని 100 నుంచి 70 దాకా మెట్లు మెట్లుగా దించుతారు. ఒక్కో మెట్టు దగ్గర స్థిరపడనిచ్చి, మణికట్టు ధమనిలో పెట్టిన గొట్టం నుంచి రక్తం తీసి కో-ఆక్సిమీటర్‌లో (రక్తం నమూనాని నేరుగా కొలిచే ల్యాబ్ పరికరం) కొలుస్తారు. అదే క్షణం సెన్సర్ చూపిన ఆర్‌ని దాని పక్కన రాస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ 2013 మార్గదర్శకం కనీసం 10 మందినీ, 200 జతల కొలతలనూ అడిగింది. మీదానిలా ప్రతిఫలించే కాంతిని చూసే సెన్సర్‌కి సగటు వర్గ మూల దోషం (దోషాల వర్గాల సగటుకి వర్గమూలం) 3.5 శాతం లోపు ఉండాలంది. ఐఎస్ఓ 80601-2-61 ప్రమాణం ప్రకారం హద్దు 4 శాతం. 70 కింద చూపించే అంకె ఏ కంపెనీదైనా ఊహే, అంత కిందికి వలంటీర్లని దించరు.

అంటే 110 − 25 × ఆర్ అనేది ప్రకృతి నియమం కాదు, ఒక బండ అంచనా. మీ చిప్ తయారీదారు లైబ్రరీలో ఉన్నది −45.06 × ఆర్ వర్గం + 30.354 × ఆర్ + 94.845. ఆర్ 0.5 దగ్గర మొదటిది 97.5 ఇస్తే ఇది 98.8 ఇస్తుంది. ఆర్ 1 దగ్గర ఒకటి 85, ఇంకోటి 80. ఆరోగ్యంగా ఉన్నవాడి దగ్గర రెండూ ఒకటే అనిపిస్తాయి, పరికరం నిజంగా అవసరమైన చోట అయిదు పాయింట్లు విడిపోతాయి. పైగా వేలి క్లిప్‌లలో ఇన్‌ఫ్రారెడ్ ఎక్కువగా 940 నానోమీటర్లది, మీ చిప్‌లోది 880. ఒకదాని వంపు ఇంకోదానికి పనికిరాదు.

మీరు 110ని 111 చేసి క్లిప్‌తో కలిపారు. ఒకే బిందువు గుండా ఎన్ని రేఖలైనా గీయొచ్చు. ఇంకా కటువుగా చెప్తాను: సెన్సరే లేకుండా ‘98’ అని రాసిన డబ్బా ఒకటి తెచ్చి మీ క్లాసులో అందరి వేళ్ల మీదా పెట్టండి, క్లిప్‌తో దాని తేడా ఒకటి రెండు శాతం దాటదు. మీ యాక్యురసీ టేబుల్‌లో ఆ డబ్బాకీ ఒక వరస ఇవ్వండి. మీ పరికరం దోషం దానికంటే తక్కువ రాకపోతే ఎస్‌పీఓ2 గురించి ఆ టేబుల్ ఏమీ నిరూపించలేదని అర్థం. గైడ్ గారికి ఇది మొహం మీదే చెప్పొచ్చు, మంచి గైడ్ అయితే మెచ్చుకుంటారు.

ఊపిరి బిగబడితే ఏమవుతుందంటే, ఊపిరితిత్తుల్లో మార్పు వేలికి చేరడానికి అర నిమిషం దాకా పడుతుంది. పడిపోవడం, లేవడం రెండూ వేగంగా అయిపోతాయి. స్థిరమైన మెట్టు ఉండదు, పక్కన రక్తం కొలత ఉండదు. వేలి రక్తనాళాలు ముడుచుకుని అల కూడా చిన్నదవుతుంది. కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం వేరే. పేషెంట్ల మీద చేయాలంటే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఒక్కొక్కరి రాతపూర్వక సమ్మతి కావాలి. అంత చేసినా మీరు పోల్చేది ఇంకో క్లిప్‌తోనే. ఆ క్లిప్ సగటు వర్గ మూల దోషం 2 శాతం అనుకుంటే, దాని రీడింగుల్లో మూడింట రెండు వంతులే నిజానికి ఇటు 2 అటు 2లో ఉంటాయి. అది 92 చూపితే నిజం 88 కావచ్చు, 96 కావచ్చు.

చర్మం రంగు విషయం మన దేశంలో ఇంకా ముఖ్యం. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మిషిగన్ బృందం విశ్లేషణలో, ఆక్సిమీటర్ 92 నుంచి 96 చూపిస్తుండగా రక్తంలో నిజంగా 88 కంటే తక్కువున్న సందర్భాలు నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం, తెల్లజాతివారిలో 3.6 శాతం. ఏసీని డీసీతో భాగిస్తే చర్మం ప్రభావం కొట్టుకుపోవాలి కదా అని అడగొచ్చు. ఎల్‌ఈడీ ఒకే తరంగదైర్ఘ్యం ఇవ్వదు. మీ ఎరుపుది సుమారు 20 నానోమీటర్ల పట్టీ. మెలనిన్ ఆ పట్టీలో పొట్టి తరంగాలని ఎక్కువ మింగుతుంది, రక్తాన్ని చేరే కాంతి రంగే కాస్త జరుగుతుంది. ఇది భాగహారంతో పోయేది కాదు. ఎఫ్‌డీఏ 2025 జనవరి ముసాయిదాలో 150 మందికి తగ్గకుండా, చర్మఛాయని మంక్ స్కేల్‌తో (చర్మఛాయల మెట్ల పట్టీ) నమోదు చేస్తూ పరీక్షించమంది. మీ రిపోర్టులో పాల్గొన్నవారి ఛాయ నమోదు చేయడం అలవాటు చేసుకోండి. గోర్ల రంగు, గోరింటాకు ఉంటే వేరే వేలు చూడండి.

మరి టేబుల్‌లో ఏం పెట్టాలి? పల్స్ రేటుని ఈసీజీతో పోల్చండి, అది మీరు గట్టిగా నిరూపించగలిగేది. ఆర్ విలువ ఒకే మనిషిలో పది నిమిషాల పాటు ఎంత ఊగిందో పెట్టండి. ఏసీ బై డీసీ శాతం, అంటే పర్ఫ్యూజన్ ఇండెక్స్, ఏ విలువ కిందికి వస్తే మీ ఆర్ చెదిరిపోతుందో గ్రాఫ్ గీయండి. క్లిప్‌తో పోలిక పెట్టాలనుకుంటే బ్లాండ్-ఆల్ట్‌మన్ గ్రాఫ్ (రెండు కొలతల తేడాని వాటి సగటుకి ఎదురుగా గీసేది) వేసి, ‘95–100 మధ్య మాత్రమే’ అని శీర్షికలోనే రాయండి. మీ కాలేజీలో బయోమెడికల్ ల్యాబ్ ఉండి ఆక్సిమీటర్ సిమ్యులేటర్ (కృత్రిమ వేలు) దొరికితే, అది ఇచ్చే ఆర్‌కీ మీరు కొలిచే ఆర్‌కీ తేడా చూడొచ్చు, అయితే చాలా సిమ్యులేటర్ వేళ్లు క్లిప్ కోసం చేసినవి, మీ సెన్సర్‌కి కుదరకపోవచ్చు. సిమ్యులేటర్ ఎలక్ట్రానిక్స్‌నే పరీక్షిస్తుంది, మనిషి మీది కచ్చితత్వాన్ని కాదు.

ఈసీఈ_ఫైనలియర్:

అందరికీ చాలా థాంక్స్. ఎస్‌డీఏ మీద 1.8 వోల్టులే ఉంది, ప్యాడ్ మార్చాక స్కాన్‌లో ప్రతిసారీ వస్తోంది. రెండో బోర్డులో 0సీ రాస్తే చీకటి, ఫోన్‌లో ఊదా చుక్క. రెండు టాస్క్‌లు చేశాక ఓవర్‌ఫ్లో సున్నా, ఊరికే 86కి పడడం ఆగింది. సరళరేఖ పద్ధతిలో ఆర్ 0.48, 0.52 మధ్య నిలబడుతోంది.

రెండు సందేహాలు. చెయ్యి ఊపితే మాత్రం ఎవరిదైనా 85, 86 దగ్గరకే ఎందుకు వస్తుంది? 70కో 90కో పోవాలి కదా? ఇంకోటి, మా జట్టులో ఒకరికి చేతులు చల్లగా ఉంటాయి, ఇన్‌ఫ్రారెడ్ ఏసీ 250 కౌంట్లే, కోరిలేషన్ 0.8 దాటట్లేదు. కరెంటు పెంచాలా?

తరంగం:

85 యాదృచ్ఛికం కాదు. చెయ్యి ఊపితే వేలికీ సెన్సర్‌కీ మధ్య దూరం, ఒత్తిడి మారతాయి. ఆ మార్పు రెండు రంగుల డీసీనీ ఒకే నిష్పత్తిలో కదుపుతుంది. ఎరుపు ఒక శాతం మారితే ఇన్‌ఫ్రారెడ్ కూడా ఒక శాతం. అంటే ఆర్ 1. మీ ఫార్ములాలో 1 పెట్టి చూడండి, 86. ఫిఫో అతుకులూ ఇదే పని చేశాయి. గమనించాల్సింది ఏంటంటే, కదలిక వల్ల కోరిలేషన్ తగ్గదు, 0.99 కూడా వస్తుంది, ఎందుకంటే రెండు చానళ్లూ కలిసే కదులుతున్నాయి. కాబట్టి కోరిలేషన్ నియమం ఒక్కటే చాలదు. ఇన్‌ఫ్రారెడ్ ఏసీ గత విండో కంటే ఒక్కసారిగా రెండింతలు దాటితే ఆ విండో కూడా పారేయండి. వీలైతే చిన్న యాక్సెలరోమీటర్ ఒకటి అదే ఐ2సీ మీద కట్టి, కదిలినప్పుడు లెక్క ఆపండి.

చల్లటి చేతులకి: డీసీ ఇప్పటికే లక్షన్నర ఉంటే కరెంటు పెంచడం వల్ల లాభం కొంచెమే, పైకప్పు తగులుతుంది. విండోని 4 నుంచి 8 సెకన్లకి పెంచండి. ఫిల్టర్ పైహద్దు 5 నుంచి 3 హెర్ట్జ్‌కి తగ్గించండి. నిమిషానికి 180 దాకా పల్స్ అందులో పడుతుంది, నాయిస్ తగ్గుతుంది.

మత్తు_డాక్టర్:

85 గురించి ఇంకో మాట, ఇది వైద్యంలోనూ ఎదురవుతుంది. మెథిమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హిమోగ్లోబిన్ రూపం) పెరిగినప్పుడు, ఉదాహరణకి డాప్సోన్ మందు వల్ల, అది రెండు తరంగాలనీ దాదాపు సమానంగా పీల్చుకుంటుంది. ఆర్ 1 వైపు జరుగుతుంది, రీడింగ్ 85 దగ్గర ఇరుక్కుంటుంది, ఆక్సిజన్ పెట్టినా లేవదు. పొగ పీల్చినవారిలో దీనికి విరుద్ధం. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ ఎరుపు కాంతికి ఆక్సిజన్ ఉన్నదానిలాగే కనిపిస్తుంది, రీడింగ్ 98 ఉంటుంది, మనిషి మాత్రం ప్రమాదంలో ఉంటాడు. రెండు తరంగాలతో ఈ రెంటినీ విడదీయడం కుదరదు. అందుకే కో-ఆక్సిమీటర్ ఇంకా ఎక్కువ తరంగాలు వాడుతుంది. రక్తహీనత మాత్రం వేరు: హిమోగ్లోబిన్ 7 ఉన్నా శాతం 98 సరిగ్గానే వస్తుంది, కానీ 100 మిల్లీలీటర్ల రక్తం మోసేది 9 మిల్లీలీటర్ల ఆక్సిజనే, హిమోగ్లోబిన్ 14 ఉన్నవారిలో 18. మీ పరిమితుల పేజీలో ఈ మూడూ రాయండి.

చల్లటి వేలికి, ఫిల్టర్ కంటే ముందు చేతులు గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు పెట్టించి తుడిచి చూడండి. అప్పటికీ కోరిలేషన్ రాకపోతే అంకె చూపించొద్దు, తెర మీద రెండు గీతలు పెట్టండి. ఆ గీతలు ఎంతసేపు ఉన్నాయో కూడా లెక్కపెట్టి టేబుల్‌లో శాతంగా ఇవ్వండి. రీడింగ్ ఇవ్వలేకపోయిన విండోలని వదిలేసి మిగతావాటికే దోషం లెక్కకడితే ఏ పరికరమైనా బాగానే కనిపిస్తుంది.